మోకాళ్ల నొప్పులున్న అమ్మతో మే నెలలో ఊటీ: కొండలు ఎక్కకుండా కాలక్షేపం ఎలా?

పానగల్లు వాసి (ప్రశ్న):
మిత్రులకు నమస్కారం. మాది నల్లగొండ. మే నెలలో అమ్మానాన్నలను వారం రోజులు ఊటీకి తీసుకుపోవాలని అనుకుంటున్నాము. నాన్నగారికి డెబ్బై రెండేళ్లు; అమ్మకు రెండు మోకాళ్లూ అరిగిపోయి, మెట్లు చూస్తేనే గుండె జారిపోతుంది. ఇక్కడ పొద్దున పది దాటితే గడప దాటలేని ఎండ కనుక, చల్లని చోట కూర్చొని, అక్కడ దొరికేవి తిని, తీరిగ్గా తిరిగి రావడమే మా కోరిక. ఎవరిని అడిగినా ట్రెక్కింగ్ దారులు, జలపాతాల పేర్లే చెబుతున్నారు. నడవలేని వారికి అక్కడ ఏమున్నది? ఇంకొక సంగతి, రోజుకొక్క పూటైనా జొన్నరొట్టె లేకపోతే మా అమ్మకు అన్నం తిన్నట్టే ఉండదు.

పాలమూరు మాస్టారు:
మా అత్తగారిని వెంటబెట్టుకొని రెండు వేసవులు వెళ్లి వచ్చిన అనుభవంతో చెబుతున్నాను. మీరు బస ఊటీలో కాక, దానికి దిగువన అదే కొండల్లో ఉన్న కూనూరు ఊళ్లో పెట్టుకోండి. ఊటీ సుమారు 2,240 మీటర్ల ఎత్తున ఉంటే కూనూరు 1,850 మీటర్ల దగ్గర ఉంటుంది కాబట్టి, రాత్రిపూట చలి పెద్దవాళ్ల కీళ్లను అంతగా పట్టదు. మే నెల రద్దీ కూడా కొంత తక్కువ. శబరి ఎక్స్‌ప్రెస్ మీ నల్లగొండలోనే ఆగి కోయంబత్తూరు మీదుగా పోతుంది, అక్కడి నుంచి కారు మాట్లాడుకోవచ్చు.

కొండ రైలు గురించి అందరూ ఊరిస్తారు. 1899లో కూనూరు వరకు, 1908లో ఊటీ వరకు వచ్చిన ఈ దారిని 2005లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. పట్టాల నడుమ ఉన్న పళ్ల కమ్మిని పట్టుకొని ఇంజను ఎగబాకడం చూడవలసిన దృశ్యమే. అయితే కొండ కింద ఉన్న మేట్టుపాళయం నుంచి ఊటీకి ఉన్న 46 కిలోమీటర్లకు దాదాపు ఐదు గంటలు పడుతుంది. ఇరుకు బల్లల మీద మోకాళ్లు ముడుచుకొని అంతసేపు కూర్చోవడం మీ అమ్మగారికి శిక్షే అవుతుంది. కూనూరు, ఊటీల మధ్య ముక్క మాత్రం ఎక్కండి. గంటకు కాస్త అటూ ఇటూగా, తేయాకు తోటలు, కేత్తి లోయ కిటికీలోంచే కనబడతాయి.

తిండి విషయానికి వస్తే, అక్కడి వర్కీ తినకుండా రావద్దు. మైదా పిండిని పొరలు పొరలుగా మడిచి కట్టెల పొయ్యిలో కాల్చే ఈ బిస్కెట్ మన ఖారీకి దగ్గరి చుట్టం. కాకపోతే మొరటుగా, వంకరటింకరగా, కొసలు కొద్దిగా మాడి ఉంటుంది. వేడి టీలో ముంచి వెంటనే నోట్లో పెట్టుకోవాలి, ఒక్క క్షణం ఆలస్యమైతే సగం కప్పు అడుగున చేరుతుంది. మా అత్తగారు రోజూ సాయంత్రం నాలుగింటికి ఆ పొట్లం విప్పి కూర్చునేవారు, అదే ఆమె ఊటీ యాత్ర. మేలో ప్లమ్ పండ్లు, పీచ్ పండ్లు బజారుకు వస్తాయి. ఆకులతో సహా కట్టలు కట్టిన లేత క్యారెట్లు దారి పక్కనే అమ్ముతారు, కడుక్కొని అట్లాగే నమలవచ్చు. హోం మేడ్ చాక్లెట్ మాత్రం ఊరంతా ఉంటుంది కానీ, నా మట్టుకు నాకు రెండో ముక్క తినాలనిపించలేదు.

దేవరకొండ కోడలు:
మాస్టారు గారు చెప్పినది బాగున్నది. కూనూరులో బస అనగానే అందరూ సిమ్స్ పార్కుకు పొమ్మంటారు కనుక ఒక హెచ్చరిక. 1874 నాటి ఆ తోట పల్లంలోకి దిగుతూ ఉంటుంది. దిగేటప్పుడు హాయిగానే ఉంటుంది, తిరిగి ఎక్కేటప్పుడే మోకాళ్లు గుర్తుకు వస్తాయి. పైభాగంలోనే బెంచీ చూసుకొని కూర్చోండి. ఊటీ బొటానికల్ గార్డెన్ కూడా వాలు మీద ఉన్నదే, కింది పచ్చిక దగ్గర ఆగిపోతే సరిపోతుంది. రాయిగా మారిన 2 కోట్ల ఏళ్ల నాటి చెట్టు మాను అక్కడ ఉన్నది, మా మామగారు దాన్ని తడిమి తడిమి చూశారు. 2,637 మీటర్ల దొడ్డబెట్ట శిఖరానికి పైదాకా కారు వెళ్తుంది కాబట్టి నడక కొద్దిగానే.

ఇక జొన్నరొట్టె. అక్కడి హోటళ్లలో దాని ఆశ వదులుకోండి. వంటగది ఉన్న ఇల్లు తీసుకొని, పిండి, రొట్టెలు కాల్చే పెంకు ఇంటి నుంచే పట్టుకుపోండి. ఆ ఎత్తులో నీళ్లు సుమారు 94 డిగ్రీలకే మరుగుతాయి కనుక, మామూలు గిన్నెలో కందిపప్పు ఎంతసేపటికీ పలుకుగానే ఉంటుంది, కుక్కర్ తప్పనిసరి. రొట్టె పిండికి ఆ వేడి నీళ్లు చాలు. అయితే చలికి ముద్ద త్వరగా చల్లారి అంచులు పగులుతాయి, అందుకని ఒక్కొక్క రొట్టెకు సరిపడా మాత్రమే కలిపి అప్పటికప్పుడు తట్టాలి. నేను మొదటి రోజు ఆరు రొట్టెల పిండి ఒకేసారి కలిపి, నాలుగు పాడు చేశాను.

మిర్యాలగూడ రైతు:
ఒక్క మాట. 2024 మే 7 నుంచి ఊటీ, కూనూరు ఉన్న నీలగిరి జిల్లాకు వెళ్లే వాహనాలకు ఈ-పాస్ (ఆన్‌లైన్‌లో తీసుకునే అనుమతి) పెట్టారు. కారు మాట్లాడుకునేటప్పుడే పాస్ ఎవరు తీస్తారో తేల్చుకోండి. ప్లాస్టిక్ నీళ్ల సీసాలు కూడా నిషేధం, స్టీలు సీసాలు పెట్టుకోండి.

పానగల్లు వాసి:
అందరికీ కృతజ్ఞతలు. కూనూరులో వంటగది ఉన్న ఇల్లే చూస్తున్నాను. దేవరకొండ వదినగారూ, పెంకు బరువని నాన్నగారు గొణుగుతున్నారు, అమ్మ మాత్రం అప్పుడే దాన్ని పాత చీరలో చుట్టి పెట్టింది.