తొమ్మిదేళ్ల పిల్లాడికి సదరం సర్టిఫికెట్ తీయించాలా, వద్దా?

రామంతపూర్_అమ్మ

నమస్తే అందరికీ. మా బాబు సీబీఎస్ఈ బడిలో నాలుగో తరగతి. కథ చెప్పమంటే అరగంట ఆపకుండా చెప్తాడు. అదే కథ చదవమంటే నాలుగో లైనుకి దాహం వేస్తోందని లేచిపోతాడు. 'పుస్తకం' రాయమంటే 'పుసకం', 'కృష్ణ' రాయమంటే 'కుషణ'. ఇంగ్లీషు సంగతి ఇక చెప్పక్కర్లేదు. ఆదివారం సాయంత్రం దీపాలు పెట్టే వేళకి కడుపునొప్పి మొదలవుతుంది, సెలవని చెప్తే తగ్గిపోతుంది.

మొన్న టెస్టులు చేయించాం, మూడు సిట్టింగులు పట్టాయి. ఐక్యూ 104 వచ్చింది. చదవడంలో, రాయడంలో లెర్నింగ్ డిజెబిలిటీ ఉందని, లెక్కల్లో లేదని రాశారు. ఇప్పుడు బడివాళ్లు ప్రభుత్వ సర్టిఫికెట్ తెస్తే పరీక్షల్లో ఎక్కువ టైమ్ ఇస్తామంటున్నారు. అంటే సదరం, వైకల్యం ఉందని ఇచ్చే కాగితం. ఆ మాట విన్న దగ్గర్నుంచి మా అత్తగారు నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. "కాళ్లూ చేతులూ బాగున్న పిల్లాడికి వికలాంగుడని రాయిస్తావా" అంటారు. మా వారు అవుననరు, కాదనరు. సర్టిఫికెట్ తీయించాలా, మంచి ట్యూషన్ పెట్టి ఇంకో ఏడాది చూడాలా?

పాలకొల్లు_మాస్టారు

అమ్మాయ్, నేను 33 ఏళ్లు బడిపంతులుగా చేసి రిటైరయ్యాను. ఇలాంటి పిల్లలు నా క్లాసులో ఏటా ముగ్గురు నలుగురుండేవారు. వాళ్లకి మేం ఏ పేరూ పెట్టలేదు. పలక మీద దిద్దించాం, కాపీ రాయించాం, నిదానంగా వచ్చింది.

ఇప్పటి పిల్లల సంగతి వేరు. ఇంట్లో తెలుగు, ఎల్‌కేజీలో ఇంగ్లీషు, ఒకటో తరగతికి హిందీ. గుణింతాలు కుదురుకోకముందే మూడు లిపులు నెత్తిన పెట్టి, వాడు తడబడితే లోపం వాడిలో ఉందంటున్నారు. పైగా ఆ పరీక్షలు కూడా ఇంగ్లీషులోనేనట! ఏడాది ఆగండి. కాగితం ఎక్కడికీ పోదు. ఒకసారి ఎక్కిన పేరూ పోదు.

బొమ్మల_దిమ్మెలు

నేను ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టుని, హైదరాబాద్‌లో ఎక్కువగా పిల్లలనే చూస్తాను. మాస్టారు చెప్పిన భాష సంగతి కొట్టిపారేసేది కాదు. మా దగ్గర వాడే నిమ్హాన్స్ బ్యాటరీలో, అంటే బెంగళూరు నిమ్హాన్స్ సంస్థ తయారుచేసిన పరీక్షల కట్టలో, చదవడం, రాయడం భాగాలు ఎక్కువగా ఇంగ్లీషులోనే చేస్తారు. తెలుగు మీడియం నుంచి కిందటేడే మారిన పిల్లని దాంతో మాత్రమే కొలిచి పేరు పెట్టేస్తే అది తప్పే. అందుకే ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించారా అని అడుగుతాను, ఆ తర్వాత తెలుగు నోట్సు తెమ్మంటాను.

ఈ తల్లి రాసిన రెండు మాటలే చూడండి. తెలుగులో అక్షరం ఎలా ఉంటే పలకడం అలా ఉంటుంది, ఇంగ్లీషులా మోసం చేయదు. అయినా బాబుకి ఒత్తులు జారిపోతున్నాయి, గుణింతం తారుమారవుతోంది. తొమ్మిదేళ్లకి రెండు లిపుల్లోనూ ఒకేలాంటి తడబాటు ఉందంటే కారణం ఇంగ్లీషు మీడియం మాత్రమే అనలేం. మరో సంగతి, తెలుగులో ఈ ఇబ్బంది తప్పుల్లో కన్నా నత్తనడకలో ఎక్కువ బయటపడుతుంది. కూడబలుక్కుని చివరికి సరిగ్గానే చదువుతారు, కానీ అప్పటికి మిగతా క్లాసు పేజీ తిప్పేసి ఉంటుంది.

104 అంటే తెలివిలో ఏ లోటూ లేదని. వందమందిలో 68 మంది దాకా 85కీ 115కీ మధ్యలోనే ఉంటారు. నిజానికి ఐక్యూకి మేం వాడే మాలిన్ స్కేలు 1969 నాటిది, ఇప్పటి పిల్లలకి నాలుగు మార్కులు ఎక్కువే చూపించొచ్చు. కాబట్టి ఆ అంకెని చుట్టాలకి చెప్పి మురిసిపోనూ వద్దు, కుంగిపోనూ వద్దు. బొమ్మలు పేర్చడంలో ఎంత వచ్చింది, విన్న అంకెలు తిరిగి చెప్పడంలో ఎంత వచ్చింది, రిపోర్టులో అది చదవండి. పిల్లాడు అక్కడ కనబడతాడు.

ఇక "ఎక్కిన పేరు పోదు" అన్నారు. దీనికి 2018 జనవరిలో కేంద్రం ఇచ్చిన నిబంధనల్లో ఎనిమిదేళ్లు నిండాకే సర్టిఫికెట్ అన్నారు. మళ్లీ 14కి ఒకసారి, 18కి ఒకసారి పరీక్షించాలన్నారు. 18లో ఇచ్చిందే జీవితాంతం చెల్లుతుందన్నారు. నాలుగో తరగతిలో రాసింది శిలాశాసనం కాదు.

నిజాంపేట_నాన్న

మేడమ్ గారూ, మీరన్నది కాగితం మీద బాగుంది. మా ఇంట్లో జరిగింది చెప్తాను.

మా పాపకి రాతలో సమస్య, ఆరో తరగతిలో సర్టిఫికెట్ తెచ్చాం. అంతే, బడివాళ్లు చేతులు దులుపుకున్నారు. అప్పటిదాకా క్లాసు టీచరు పక్కన కూర్చోబెట్టుకునేది, తర్వాత "తనకి ఎలాగూ కన్సెషన్ ఉంది కదా సార్" అనడం మొదలుపెట్టింది. ఎనిమిది చివర్లో పిలిచి, బోర్డు పరీక్షకి లెక్కలు తీసేసి పెయింటింగ్ ఇప్పిస్తాం, టెన్షన్ ఉండదు అన్నారు. లెక్కల్లో పాపకి ఏ ఇబ్బందీ లేదు. కానీ ఫారం ముందు పెడితే మాకేం తెలుసు, సంతకం పెట్టేశాం. పదో తరగతి మంచి మార్కులతో పాసైంది. ఇంటర్‌కి వెళ్తే ఎంపీసీ ఇవ్వరు. దానికేమో చిన్నప్పట్నుంచి ఆర్కిటెక్ట్ కావాలని. నా మాట వినండి, రిపోర్టు మీ దగ్గర ఉంచుకోండి. సర్టిఫికెట్ బడి చేతికి ఇవ్వకండి.

బొమ్మల_దిమ్మెలు

చాలా అన్యాయం జరిగిందండి. కాకపోతే అది బడి చేసిన పని, సర్టిఫికెట్ చేసింది కాదు. సీబీఎస్ఈలో గంటకి 20 నిమిషాల అదనపు టైమ్, స్క్రైబ్ (పిల్లలు చెప్తే రాసిపెట్టే మనిషి), మూడో భాష మినహాయింపు, సబ్జెక్టు మార్చుకోవడం, ఇవన్నీ విడివిడిగా ఉన్న వెసులుబాట్లు. ఏది కావాలో తల్లిదండ్రులు అడిగి తీసుకోవచ్చు, అన్నీ కలిపి నెత్తిన వేసుకోనక్కర్లేదు.

నిజాంపేట_నాన్న

ఆ ముక్క మాకు అప్పుడు ఎవరు చెప్పారు?

వంకర_రాత

మాస్టారూ, ఒక ప్రశ్న. మీ క్లాసులో ఏటా ఉన్న ఆ ముగ్గురు నలుగురు పదో తరగతి దాకా వచ్చారా?

కోపంగా అడగట్లేదు. నాకిప్పుడు 34. మా ఊళ్లో సారు తప్పు రాసిన ప్రతి మాటా వందసార్లు రాయించేవారు. నేను తప్పునే వందసార్లు రాసేవాణ్ని, ఎందుకంటే మొదటి లైను చూసి కింద దించుకుంటూ పోయేది. ఒకసారి 'వ్యవసాయం' అలా మూడు పేజీలు 'వవ్యసాయం' అయింది. క్లాసంతా చదివి వినిపించారు. ఈ రోజుకీ ఆ మాట రాయాల్సొస్తే చెయ్యి ఆగుతుంది. ఇప్పుడు ఫోన్‌లో మాట్లాడి టైప్ చేయిస్తున్నా కాబట్టి మీకు తప్పుల్లేకుండా కనిపిస్తోంది.

పదో తరగతి సోషల్ పేపర్లో ప్రశ్నలన్నీ తెలుసు. బెల్లు కొట్టేసరికి సగం కూడా రాయలేదు. సప్లిమెంటరీలో గట్టెక్కాను. నాకు ఏ సర్టిఫికెట్టూ లేదు. పేరు మాత్రం ఉంది, 'మొద్దు' అని. అది 14కీ 18కీ ఎవరూ మళ్లీ పరీక్షించి చూడలేదు.

డల్లాస్_తండ్రి

ఇక్కడి సంగతి ఒకటి చెప్తాను. అమెరికాలో 1975 నుంచీ ఇందుకు చట్టం ఉంది. ప్రభుత్వ బడికి కాగితం మీద రాసి అడిగితే వాళ్లే ఉచితంగా పరీక్షలు చేసి, అవసరమైతే ఆ పిల్లకి ఏడాది ప్రణాళిక రాస్తారు. ఏటా మీటింగ్ పెట్టి మారుస్తారు. ఇంట్లో మాట్లాడే భాష ఏమిటో ముందే అడుగుతారు. మా అమ్మాయికి రెండో తరగతిలో మొదలైంది, ఐదుకి వచ్చేసరికి విడిగా కూర్చోబెట్టడం తగ్గించేశారు.

అయినా మన జనం ఇక్కడా దాస్తారు. గుళ్లో కలిస్తే "స్పీచ్ క్లాసు" అని చెప్తారు. నేనూ రెండేళ్లు అదే చెప్పాను.

కూకట్‌పల్లి_కిరాణా

దీనికి మందులేమైనా ఉన్నాయా? మా చుట్టాల పిల్లాడికి ఏకాగ్రత కుదరట్లేదు, ఏడీహెచ్‌డీ అని రోజూ బిళ్ల వేస్తున్నారు. మెమరీ టానిక్ పనిచేస్తుందా?

బొమ్మల_దిమ్మెలు

డిస్‌లెక్సియాకి, అంటే ఈ చదివే ఇబ్బందికి, మందు లేదండి, టానిక్కు డబ్బు దండగ. ఏడీహెచ్‌డీ వేరు. అది కూడా కలిసి ఉంటే దానికి మందు ఇవ్వాలా వద్దా అన్నది సైకియాట్రిస్టు చూసి చెప్పాలి. దీనికి చేయాల్సింది రెమిడియల్ టీచింగ్. వారానికి రెండు మూడు రోజులు, శబ్దం నుంచి అక్షరానికి, అక్షరం నుంచి మాటకి మెట్టుమెట్టుగా. ఇసుకలో వేలితో రాయించడం, ఒత్తుని వేరే రంగులో రాయడం, ఇలాంటివే. నెలలు పడుతుంది. మామూలు ట్యూషన్లో అదే పాఠం ఇంకోసారి గట్టిగా చెప్తారు, అంతకంటే ఏముండదు. ఆ ఆదివారం కడుపునొప్పిని మాత్రం పట్టించుకోండి. చదువు కన్నా ముందు చూడాల్సింది అదే.

పాలకొల్లు_మాస్టారు

వంకర_రాత బాబూ, నీ ప్రశ్న చదివి రాత్రి చాలాసేపు ఆలోచించాను. అందరూ రాలేదు. ఒకడు బాగా గుర్తున్నాడు. రైసుమిల్లులో బస్తాల లెక్క నోటితో తప్పు లేకుండా చెప్పేవాడు, పలక ఇస్తే పారిపోయేవాడు. ఏడులో మానేసి లారీ క్లీనరుగా వెళ్లిపోయాడు. నేను బద్ధకం అనుకున్నాను.

అలాగని నా మాట పూర్తిగా వెనక్కి తీసుకోను. మూడు లిపులు ఒక్కసారిగా రుద్దడం తప్పు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్లో లెర్నింగ్ డిజెబిలిటీ ఉన్న పిల్లల్ని వీలైనంత త్వరగా బడే గుర్తించి తగిన పాఠం చెప్పాలని ఉందని మా అబ్బాయి చూపించాడు. బడి ఆ పని చేస్తే ఈ తల్లి సదరం లైన్లో నిలబడే అవసరమేముంది?

వంకర_రాత

చెప్పింది నిజమే మాస్టారూ. కాకపోతే బడి తన పని చేసినా పబ్లిక్ పరీక్ష కాగితం అడుగుతుంది కదా. 2021లో నీట్ రాసిన ఒకమ్మాయికి డిస్‌గ్రాఫియా, అంటే రాతలో ఇబ్బంది. సర్టిఫికెట్ ఉండి కూడా సెంటర్లో అదనపు గంట ఇవ్వకుండా పేపరు లాగేసుకున్నారు. సుప్రీంకోర్టుకి వెళ్లింది. పరీక్ష మళ్లీ పెట్టమనలేదు గానీ, ఆ గంట ఆమె హక్కని, జరిగిన నష్టాన్ని ఎలా సరిదిద్దాలో చూడమని పరీక్ష పెట్టిన ఏజెన్సీకి కోర్టు చెప్పింది. కాగితం ఉంటేనే ఇలా ఉంది. లేకపోతే కోర్టు గుమ్మం దాకా కూడా వెళ్లలేం.

నిజాంపేట_నాన్న

సరే, ఆ మాటకి ఒప్పుకుంటా. అయితే తీయించండి, కానీ బడి ఇచ్చే ఏ ఫారమూ ఇంటికి తెచ్చి నాలుగుసార్లు చదవకుండా సంతకం పెట్టకండి. 'సబ్జెక్ట్ చేంజ్' అన్న గడి దగ్గర ఆగండి.

రామంతపూర్_అమ్మ

అందరికీ థాంక్స్. రెండు రోజులుగా ఇవన్నీ మా వారికి చదివి వినిపిస్తున్నాను. వంకర_రాత గారిది విన్నాక లేచి బాల్కనీలోకి వెళ్లిపోయారు. తర్వాత చెప్పారు, తనూ ఎనిమిదో తరగతి దాకా అలాగే ఉండేవారట. పెళ్లయి పన్నెండేళ్లయింది, నాకు ఇప్పుడు తెలిసింది. అత్తగారికి ఎప్పట్నుంచో తెలుసట.

సర్టిఫికెట్ పరీక్షకి స్లాట్ బుక్ చేశాం, వచ్చే నెల. టైమ్, మూడో భాష మినహాయింపు అడుగుతాం. లెక్కల జోలికి రానివ్వం. రెమిడియల్ టీచర్ దగ్గర రేపట్నుంచి క్లాసు. మళ్లీ టెస్టుకి వెళ్తున్నామంటే బాబు ఒక్కటే అడిగాడు, ఎరుపు తెలుపు దిమ్మెలు పేర్చే ఆట ఉంటుందా అని.

బొమ్మల_దిమ్మెలు

పాత రిపోర్టు ఒరిజినల్, బడి నుంచి లెటర్, కళ్లు చెవుల పరీక్ష కాగితాలు పట్టుకెళ్లండి. టిఫిన్ పెట్టి తీసుకెళ్లండి, అక్కడ ఎంతసేపు పడుతుందో చెప్పలేం. తెలుగు నోట్సు మర్చిపోకండి, 'కుషణ' ఉన్న పేజీకి ఒక గుర్తు పెట్టండి.