చలికాలంలో ఉష్ణమండల చేపల తొట్టెకు హీటర్ తప్పనిసరా? వేడిని ఏడాదంతా ఒకే అంకె దగ్గర నిలపాలా?

మూసీతీరం (హైదరాబాద్):

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లో వంద లీటర్ల అక్వేరియంలో నియాన్ టెట్రాలు, రెండు ఏంజెల్ చేపలు, కొన్ని కోరీడోరస్ చేపలు ఉన్నాయి. డిసెంబరు చివరి నుంచి తెల్లవారుజామున థర్మామీటర్ 20 డిగ్రీలు చూపిస్తోంది, మధ్యాహ్నానికి 22 దాకా వస్తోంది. చేపలు అడుగున చేరి, రెక్కలు ముడుచుకుని, మేత వేసినా ఆలస్యంగా పైకి వస్తున్నాయి. ఒక దుకాణంలో అడిగితే హీటర్ కొని 27 దగ్గర పెట్టి చలికాలమంతా ముట్టుకోవద్దన్నారు. మరో దుకాణంలో అడిగితే హైదరాబాద్ చలికి హీటర్ అవసరమే లేదని, చలి కంటే హీటరే ఎక్కువ చేపల్ని చంపుతుందని చెప్పారు. ఇద్దరూ ఏళ్ల తరబడి ఇదే వ్యాపారంలో ఉన్నవారు కాబట్టి ఎవరి మాట వినాలో తేల్చుకోలేకపోతున్నాను.

గోండ్వానా (ఆదిలాబాద్):

మా జిల్లాలో రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందికి దిగడం ప్రతి చలికాలమూ చూస్తున్నదే, కొన్ని రాత్రులు 5, 6 డిగ్రీల దాకా కూడా పోతుంది. ఇక్కడ హీటర్ లేకుండా టెట్రాలను, ఏంజెల్ చేపలను పెంచాలనుకోవడం వాటికి అన్యాయం చేయడమే. చేపకు సొంతంగా ఒంట్లో వేడి పుట్టించుకునే శక్తి లేదు, నీరు ఎంత చల్లబడితే దాని ఒళ్లూ అంతే చల్లబడుతుంది. అరుగుదల మందగిస్తుంది, రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గుతుంది, ఫిల్టర్‌లో అమ్మోనియాను మార్చే బ్యాక్టీరియా పని కూడా నెమ్మదిస్తుంది. మనం మాత్రం వేసవిలో వేసినంత మేతే వేస్తూ ఉంటాం. ఆ తర్వాత ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్లమచ్చలు కనిపిస్తాయి. నా సలహా సూటిగా చెబుతాను: హీటర్ కొనండి, 27 దగ్గర పెట్టండి, మార్చి వచ్చేదాకా కదపకండి.

సాగరతీరం (విశాఖపట్నం):

గోండ్వానా గారు ఆదిలాబాద్ చలికి చెప్పిన నియమాన్ని రాష్ట్రమంతటికీ, దేశమంతటికీ వర్తింపజేయడం సరికాదని నా అభిప్రాయం. మా ఊళ్లో జనవరి రాత్రుల్లో కూడా బయట 18 డిగ్రీల దగ్గర ఉంటుంది, ఇంట్లో అంతకంటే ఎక్కువే ఉంటుంది. గప్పీలు, మోలీలు, జీబ్రా డానియోలు హీటర్ లేకుండానే మా ఇంట్లో తరాల తరబడి పిల్లలు పెడుతున్నాయి. పైగా మన దుకాణాలకు వచ్చే రంగు చేపల్లో చాలా భాగం చెన్నైలోని కొళత్తూరు వంటి చోట్ల సిమెంటు తొట్లలో ఆరుబయట పెరిగినవే. ఎండకూ వానకూ అలవాటుపడిన ఆ చేపల్ని మనం గాజు పెట్టెలో పెట్టి ఒకే అంకెకు కట్టేయడం ఎందుకు? కోరీడోరస్ చేపలు చల్లని వాన నీరు తగిలిన తర్వాత తరచు గుడ్లు పెట్టడానికి సిద్ధపడతాయని వాటిని పెంచేవారందరికీ తెలుసు. ప్రకృతిలో చాలా నదుల్లో నీరు ఏడాదంతా ఒకే అంకె దగ్గర నిలిచి ఉండదు.

ఓరుగల్లు (హన్మకొండ):

ఇద్దరూ చెప్పినదాంట్లో నిజం ఉంది కానీ, ఇద్దరూ వేర్వేరు గదుల గురించి, వేర్వేరు చేపల గురించి మాట్లాడుతున్నారు. జీబ్రా డానియో ఉత్తర భారతపు వాగుల్లో పుట్టిన చేప, 18 డిగ్రీల నీటిలోనూ హాయిగా తిరుగుతుంది. ఏంజెల్ చేప అమెజాన్ ప్రాంతానిది, దానికి 24 కంటే తగ్గితే ఇబ్బంది మొదలవుతుంది. కాబట్టి హీటర్ కావాలా వద్దా అన్న ప్రశ్నకు మూసీతీరం గారి తొట్టె విషయంలో కావాలి అన్నదే జవాబు, ఇందులో నాకు సందేహం లేదు. 27 దగ్గర పెట్టాలన్న మాటతోనే నేను విభేదిస్తున్నాను. చలికాలంలో హీటర్ పని నీటిని వేసవిలా ఉంచడం కాదు, ఒక హద్దు కంటే కిందికి జారకుండా పట్టుకోవడం మాత్రమే.

ఎందుకో లెక్క వేసి చూడండి. తొట్టె పోగొట్టుకునే వేడి, నీటికీ గదికీ మధ్య ఉన్న తేడాను బట్టి ఉంటుంది. గది 19 దగ్గర ఉన్నప్పుడు నీటిని 27 దగ్గర ఉంచితే తేడా 8 డిగ్రీలు, 24 దగ్గర ఉంచితే 5 డిగ్రీలే. కరెంటు ఖర్చు తగ్గడం అందులో చిన్న లాభం. అర్ధరాత్రి కరెంటు పోయినప్పుడు 27 దగ్గర ఉన్న నీరు మొదటి గంటల్లోనే వేగంగా పడిపోతుంది, 24 దగ్గర ఉన్న నీరు నెమ్మదిగా, తక్కువ మెట్లు దిగుతుంది. చేపను దెబ్బతీసేది చాలాసార్లు ఈ వేగమే. వారం రోజుల్లో మెల్లగా రెండు డిగ్రీలు దిగిన నీటికి సర్దుకునే చేప, అదే రెండు డిగ్రీలు పది నిమిషాల్లో దిగితే అంత తేలిగ్గా తట్టుకోలేదు. సాగరతీరం గారి సిమెంటు తొట్ల ఉదాహరణ కూడా ఈ మాటనే బలపరుస్తుంది, ఎందుకంటే వేల లీటర్ల నీరు ఒక్క రాత్రిలో వేడెక్కదు, చల్లారదు.

వంద లీటర్ల నీటిని ఒక్క డిగ్రీ పెంచాలంటే, బయటికి పోయే వేడిని పక్కన పెట్టినా, 100 వాట్ల హీటర్ సుమారు గంటా పది నిమిషాలు పనిచేయాలి. అంటే ఆ నీరే ఒక వేడి నిల్వ. ఇరవై లీటర్ల తొట్టెకు ఆ నిల్వ ఉండదు. కిటికీ పక్కన బల్ల మీద చిన్న గాజు గిన్నెలో ఫైటర్ చేపను ఉంచేవారు అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్తపడవలసింది ఇందుకే.

ఇక మూత సంగతి. హీటర్‌కు డబ్బు పెట్టి, మూత లేకుండా వదిలేసే వారిని చాలామందిని చూశాను. ఒక లీటరు నీరు ఆవిరైపోతూ తీసుకుపోయే వేడి, వంద లీటర్ల నీటిని దాదాపు 6 డిగ్రీలు చల్లార్చగలిగినంత. ఆ నష్టాన్ని గది, హీటర్ కలిసి పూడుస్తూ ఉంటాయి కాబట్టి మనకు కనబడదు, అంతే. అందుకే మొదట గాజు పలకతో గానీ అక్రిలిక్ పలకతో గానీ పైన మూసి, వైర్లకూ గాలి పైపుకూ మాత్రం సందు ఉంచండి. పొద్దున్నే ఆ పలక అడుగున వరసలుగా పట్టిన నీటి చుక్కలు మళ్లీ తొట్టెలోకే జారుతాయి. వెనుక వైపూ, రెండు పక్కలా అంగుళం మందం థర్మోకోల్ షీటు అంటిస్తే మిగతా నష్టం కూడా బాగా తగ్గుతుంది. ఈ రెండూ చేశాక హీటర్ ఎంతసేపు వెలిగి ఉంటోందో గమనిస్తే తేడా మీకే తెలుస్తుంది.

అసలు ఈ చర్చలో ఎవరూ ఎత్తని విషయం నీళ్లు మార్చడం. చలికాలంలో జరిగే చావుల్లో ఎక్కువ భాగానికి రాత్రి చలి కంటే ఆదివారం పొద్దున బకెట్టే కారణమని నేను గట్టిగా నమ్ముతున్నాను. డాబా మీది ప్లాస్టిక్ ట్యాంకులో నీరు రాత్రంతా చల్లారి పొద్దున్న 16 డిగ్రీల దగ్గర ఉంటుందనుకోండి. 26 దగ్గర ఉన్న తొట్టెలో ముప్ఫై శాతం తీసి ఆ నీరు పోస్తే తొట్టె నేరుగా 23కు దిగుతుంది, అదీ కొన్ని నిమిషాల్లో. హైదరాబాద్‌లో ఏ రాత్రీ అంత వేగంగా తొట్టెను చల్లార్చలేదు. నీరు మార్చడం మధ్యాహ్నానికి పెట్టుకోండి, ఒకేసారి ముప్ఫై శాతం కాకుండా పదిహేను శాతం చొప్పున మార్చండి, బకెట్‌లో కాస్త వేడి నీరు కలిపి థర్మామీటర్‌తో చూశాకే పోయండి. బోరు ఉన్న ఇళ్లలో మోటారు వేసిన వెంటనే వచ్చే నీరు చలికాలంలో గోరువెచ్చగానే ఉంటుంది. అయితే భూమిలోంచి వచ్చిన నీటిలో ప్రాణవాయువు తక్కువగా ఉండవచ్చు కాబట్టి కొన్ని గంటలు గాలి కొట్టించి, కాఠిన్యం చూసుకుని వాడాలి.

ప్రవాసి (డాలస్):

ఓరుగల్లు గారి మాటకు మా ఊరి అనుభవం తోడు చేస్తాను. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో టెక్సస్‌లో లక్షల ఇళ్లకు కరెంటు పోయింది, ఇంటిని వెచ్చగా ఉంచే యంత్రాలు కూడా ఆగిపోయాయి. అప్పుడు ఎవరి హీటర్ ఎన్ని వాట్లన్నది అక్కరకు రాలేదు. తొట్టె పెద్దదా, మూత ఉందా, బ్యాటరీతో నడిచే గాలి పంపు ఉందా అన్నవే లెక్కకు వచ్చాయి. మేము తొట్టె చుట్టూ రజాయిలు కప్పి, మేత పూర్తిగా ఆపేసి, గ్యాసు పొయ్యి మీద కాచిన నీటిని సీసాల్లో పోసి, బిరడా బిగించి తొట్టెలో తేలేలా వదిలాం. రెండు లీటర్ల సీసాలో 70 డిగ్రీల నీరు, 22 డిగ్రీల దగ్గర ఉన్న వంద లీటర్ల తొట్టెను ఒక డిగ్రీకి కాస్త తక్కువగానే పెంచుతుంది, కాబట్టి వేడి ఎక్కువైపోతుందన్న భయం పెట్టుకోనక్కర్లేదు. ఇన్వర్టర్ ఉన్నవారు కూడా ముందు గాలి పంపును, తర్వాత ఫిల్టర్‌ను, చివరగా హీటర్‌ను దానికి తగిలించాలి. చల్లని నీటిలో చేప కొన్ని గంటలు ఓర్చుకుంటుంది, ఊపిరి ఆడని నీటిలో ఓర్చుకోలేదు.

గోండ్వానా (ఆదిలాబాద్):

మూత విషయం, నీళ్లు మార్చే విషయం ఒప్పుకుంటున్నాను. 24 అన్న అంకెను మాత్రం ఒప్పుకోలేను. తెల్లమచ్చలు వచ్చిన తొట్టెలో నీటిని 29, 30కి పెంచాలని ఓరుగల్లు గారే మరో చర్చలో రాశారు. వేడి అంత మేలు చేసేదైతే ముందు నుంచే 27 దగ్గర ఉంచడంలో తప్పేముంది?

గౌతమీతీరం (రాజమహేంద్రవరం):

నేను డిస్కస్ చేపలు పెంచుతున్నాను. వాటికి 28 కంటే తగ్గకూడదు. ఓరుగల్లు గారి సూత్రం మా తొట్లకు పనికిరాదు.

ఓరుగల్లు (హన్మకొండ):

గౌతమీతీరం గారూ, డిస్కస్ విషయంలో మీ మాటే సరైనది. ఆ చేపలను పెంచేవారు నీటికీ గదికీ మధ్య ఎక్కువ తేడాను మోయక తప్పదు కాబట్టి వారికి మూత, థర్మోకోల్, ఇన్వర్టర్ మిగతా అందరికంటే ఎక్కువ అవసరం.

గోండ్వానా గారి ప్రశ్న న్యాయమైనదే. తెల్లమచ్చల పురుగు చేప చర్మం కింద దాగి ఉన్నంతసేపూ మందు దానికి తగలదు, అది బయటపడి నీటిలో ఈదే దశలోనే చస్తుంది. వేడి పెంచితే ఆ జీవితచక్రం త్వరగా తిరిగి, పురుగు మందుకు చిక్కే దశకు త్వరగా వస్తుంది. అది చికిత్స కోసం కొన్నాళ్లు, గాలి ఎక్కువ కొట్టిస్తూ, గంటల తేడాతో ఒక్కో డిగ్రీ చొప్పున చేసే పని. 20 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 9.1 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టుకోగలిగితే, 30 డిగ్రీల నీరు సుమారు 7.5 మాత్రమే పట్టుకుంటుంది. రోగం లేని నియాన్ టెట్రాలను నెలల తరబడి వేడి నీటిలో ఉంచితే వాటి ఒంటి పని వేగం పెరిగి ఆయుష్షు తగ్గుతుందే తప్ప మేలు జరగదు.

ఒక పెద్ద హీటర్‌కు బదులు రెండు చిన్నవి పెట్టుకోవడం గురించి కూడా చెప్పాలి. చవక హీటర్లలో థర్మోస్టాట్ (పెట్టిన అంకెకు నీరు చేరగానే హీటర్‌ను ఆపే మీట) కాంటాక్టులు అతుక్కుపోయి ఆగకుండా వెలిగే ప్రమాదం నిజమైనదే, రెండో దుకాణం వారు చెప్పింది బహుశా దీని గురించే. వంద లీటర్ల తొట్టెలో 200 వాట్ల హీటర్ అలా అతుక్కుంటే, నష్టాలను పక్కన పెడితే, గంటకు సుమారు 1.7 డిగ్రీలు పెరుగుతుంది. నిద్ర లేచేసరికి చేపలు మిగలవు. 50 వాట్లవి రెండు ఉండి ఒకటి అతుక్కుంటే పెరుగుదల గంటకు అర డిగ్రీ కూడా ఉండదు, గది చల్లదనం దానిలో చాలా భాగాన్ని మింగేస్తుంది. ఒకటి పూర్తిగా ఆగిపోయినా రెండోది సగం పని చేస్తూనే ఉంటుంది.

మూసీతీరం గారి తొట్టెలో ఏంజెల్ చేపలకు కాస్త వెచ్చగా, నియాన్, కోరీడోరస్ చేపలకు కాస్త చల్లగా ఉండటం ఇష్టం. అందువల్ల మీకు మాత్రం 25 దగ్గర పెట్టమని చెబుతాను. 20 నుంచి అక్కడికి ఒక్కరోజులో చేర్చకండి, రోజుకు ఒక డిగ్రీ చాలు. హీటర్లను ఫిల్టర్ నీరు తగిలే చోట బిగించండి, లేకపోతే పైన వెచ్చగా, అడుగున కోరీడోరస్ చేపల దగ్గర చల్లగా ఉండిపోతుంది. చర్చకు సంబంధం లేకపోయినా ఒక్క మాట: ఏంజెల్ చేపలు పెద్దవైతే నియాన్ టెట్రాలను తినేస్తాయి, వాటికి వేరే ఇల్లు ఇప్పుడే ఆలోచించండి.

మూసీతీరం (హైదరాబాద్):

అందరికీ కృతజ్ఞతలు. గాజు మూత ఇవాళే కోయించాను, హీటర్లు రావడానికి కొన్ని రోజులు పడుతుందన్నారు. ఈలోగా బకెట్‌లో స్నానానికి నీళ్లు కాచే రాడ్‌ను రోజుకు కాసేపు తొట్టెలో పెట్టవచ్చా?

ఓరుగల్లు (హన్మకొండ):

దయచేసి పెట్టకండి. దానికి థర్మోస్టాట్ ఉండదు, చాలావాటి శక్తి వెయ్యి వాట్ల పైనే ఉంటుంది కాబట్టి ఆ వేడికి వంద లీటర్ల నీరు ఏడు నిమిషాలకో, అంతకంటే ముందో ఒక డిగ్రీ చొప్పున పెరుగుతుంది. రాడ్‌ను తాకిన చేప అక్కడికక్కడే కాలిపోతుంది. నీటిలోకి కరెంటు దిగితే చేపలకే కాదు, చెయ్యి పెట్టిన మీకూ ప్రాణాపాయమే. ఈ కొన్ని రోజులకు మూత, థర్మోకోల్, ప్రవాసి గారు చెప్పిన వేడినీటి సీసా సరిపోతాయి. మేత సగానికి తగ్గించండి. హీటర్లు వచ్చాక కూడా నీళ్లు మార్చే ముందు ప్లగ్గు తీసి, గాజు చల్లారడానికి పావుగంట ఆగిన తర్వాతే తొట్టెలో చెయ్యి పెట్టండి.