పెళ్ళి బోర్డుల తెలుగు అక్షరాలు కోయడానికి ఇంట్లో సి.ఎన్.సి. రూటర్: 12 మి.మీ. రాడ్లు సరిపోతాయా?

తెనాలి_బోర్డులు (ప్రశ్న)

అందరికీ నమస్తే. మాది తెనాలిలో ఫ్లెక్స్, డెకరేషన్ షాపు. స్టేజీ మీద వధూవరుల పేర్లు ఇదివరకు థర్మాకోల్‌లో వేడి తీగతో కోసేవాళ్ళం. ఇప్పుడు అందరూ చెక్క అక్షరాలే అడుగుతున్నారు. ఎక్కువగా 3 మి.మీ. ఎమ్‌డీఎఫ్, అప్పుడప్పుడు 6 మి.మీ. ప్లైవుడ్. బయట లేజర్‌కి ఇస్తే అంచులు మాడి నల్లగా వస్తున్నాయి. తెల్ల రంగు రెండు కోటింగులు వేసినా ఆ మసి పైకి తేలుతోంది. పైగా మాఘమాసంలో వాళ్ళు మనకి టైమివ్వరు. ముహూర్తం ఆగదు కదా, ఆ టెన్షన్ అంతా మాకే.

అందుకే సొంతంగా సి.ఎన్.సి. రూటర్ (కంప్యూటర్ చెప్పినట్టు బిట్టుతో చెక్క కోసే మిషన్) కట్టుకుందామని. బెడ్ 2×3 అడుగులు. పాత 3డీ ప్రింటర్‌లోంచి తీసిన నెమా 17 స్టెప్పర్ మోటార్లు, 12 మి.మీ. రాడ్లు, లీనియర్ బేరింగులు, ఆర్డ్యునో ఊనో కంట్రోల్ బోర్డు, దానిమీద మోటార్లు కలిపే సి.ఎన్.సి. షీల్డ్ ఉన్నాయి. నాన్న వడ్రంగి కాబట్టి ఫ్రేమ్ 18 మి.మీ. ప్లైతో ఇంట్లోనే చేసుకుంటాం. స్పిండిల్‌కి (బిట్టు తిప్పే మోటారుకి) బదులు నాన్న చెక్కపనికి వాడే ట్రిమ్మర్ బిగిద్దామనుకుంటున్నా. ఇంకో 40 వేల దాకా పెట్టగలను. కోసేది పల్చటి చెక్కే కదా, ఈ రాడ్లతో నడిచిపోతుందా? జరపడానికి బెల్టు మంచిదా, స్క్రూ మంచిదా?

ఆటోనగర్_ఫిట్టర్

తమ్ముడూ, చెక్క పల్చన అన్నది నిజమే, కానీ నువ్వు కోసేది తెలుగు అక్షరం. అసలు సంగతి అక్కడుంది.

ఇంగ్లీషు పెద్దక్షరాలు సగం నిట్టనిలువు, అడ్డగీతలే. మిషన్ కాస్త వదులుగా ఉన్నా వాటిలో బయటపడదు. మన అక్షరాలన్నీ గుండ్రం. గుండ్రంగా కోసేటప్పుడు ప్రతి చుట్టులో నాలుగు చోట్ల ఏదో ఒక యాక్సిస్ (అడ్డంగానో నిలువుగానో జరిగే దిశ) వెనక్కి తిరగాలి. దాన్ని జరిపే స్క్రూ నట్టులో 0.2 మి.మీ. ఆట (వదులు) ఉందనుకో, ఆ నాలుగు చోట్లా చిన్న మెట్టు పడుతుంది. సున్నలో, ‘ర’లో, ‘ఠ’లో కస్టమర్‌కి దూరం నుంచే కనిపిస్తుంది. రంగు వేశాక ఇంకా బాగా కనిపిస్తుంది.

ఇక రాడ్లు. గాంట్రీ, అంటే స్పిండిల్‌ని మోసే అడ్డ వంతెన, రెండడుగుల వైపు పెట్టినా, బేరింగులు, బ్రాకెట్లు పోను రాడ్డు గాలిలో ఉండే పొడవు 750 మి.మీ. దాకా వస్తుంది. మధ్యలో రెండు కేజీల తోపుడు పడితే 12 మి.మీ. రాడ్లు రెండూ కలిసి 0.4 మి.మీ. పైగా వంగుతాయి. అదే 16 మి.మీ. అయితే 0.14. వంగుడు మందానికి నాలుగో ఘాతంలో తగ్గుతుంది, పొడవుకి మూడో ఘాతంలో పెరుగుతుంది. బెడ్‌ని 2×2కి తగ్గిద్దామనుకున్నా గాంట్రీ గట్టిపడదు, దాని పొడవు మారదు కాబట్టి. మూడడుగుల వైపుకి కింద అల్యూమినియం ఆధారం ఉన్న 16 మి.మీ. రైళ్ళు వెయ్యి. గాంట్రీకి 40×80 అల్యూమినియం ప్రొఫైల్, దాని మీద 15 మి.మీ. చదరపు రైళ్ళు. డబ్బు పెట్టాల్సింది ఇక్కడే. నీ 12 మి.మీ. రాడ్లు పారెయ్యకు, జెడ్‌కి (బిట్టు పైకీ కిందికీ జరిగే యాక్సిస్‌కి) వాడుకో. అక్కడ పొడవు జానెడే.

బెల్టు వద్దు. లేజర్ తల మోయడానికి 6 మి.మీ. బెల్టు చాలు, దానికి ఎదురు తోసేది ఏమీ ఉండదు. బిట్టు చెక్కలోకి దిగాక బెల్టు సాగుతుంది. 1605 బాల్ స్క్రూ తీసుకో: 16 మి.మీ. లావు, చుట్టుకి 5 మి.మీ. జరుగుడు. దాన్ని తిప్పడానికి ఎక్స్, వైలకి (అడ్డం, నిలువు యాక్సిస్‌లకి) ఇంకా పెద్దవైన నెమా 23 మోటార్లు పెట్టు. ఆ మోటార్లకి షీల్డ్ మీది చిన్న డ్రైవర్లు చాలవు, టీబీ6600 లాంటివి బయట పెట్టుకోవాలి. నీ నెమా 17 జెడ్‌కి సరిపోతుంది.

ట్రిమ్మర్ సంగతి. స్పీడు తగ్గించే చక్రం లేని ట్రిమ్మర్లు దాదాపు 30,000 ఆర్‌పీఎమ్ మీద తిరుగుతాయి. రెండు పళ్ళ బిట్టు, పంటికి 0.1 మి.మీ. ముక్క తీయాలంటే నిమిషానికి 6,000 మి.మీ. నడవాలి. నీ మిషన్ అంత పరిగెత్తదు. నెమ్మదిగా నడిపితే బిట్టు కొయ్యదు, రుద్దుతుంది. అప్పుడు అంచు మళ్ళీ నలుపే, లేజర్ మానేసి ఏం లాభం? 12,000 ఆర్‌పీఎమ్ స్పిండిల్, ఒక పన్ను 3 మి.మీ. బిట్టు అయితే 1,200 చాలు. బిట్టు డౌన్‌కట్ తీసుకో. మామూలు అప్‌కట్ బిట్టు పల్చటి షీటుని పైకి లాగేస్తుంది, పై అంచు కూడా పీచులు లేస్తుంది.

షీటు పట్టుకోవడానికి క్లాంపులు సరిపోవు, మధ్యలో పొంగుతుంది. బెడ్ మీద మాస్కింగ్ టేపు, షీటు అడుగున మాస్కింగ్ టేపు, రెంటి మధ్యా ఫెవిక్విక్ చుక్కలు. పనయ్యాక టేపు ఊడదీస్తే చెక్కకి మరక ఉండదు.

కూకట్‌పల్లి_కోడ్

అన్నగారు చెప్పినదానికి ఎలక్ట్రానిక్స్ వైపు నుంచి కొంచెం.

1605 స్క్రూకి 16 మైక్రోస్టెప్పులు (మోటారు ఒక్కో అడుగుని 16 భాగాలు చేయడం) పెడితే మిల్లీమీటరుకి 640 పల్సులు. ఊనోలో మిషన్‌ని నడిపే ప్రోగ్రామ్ జీఆర్‌బీఎల్ సెకనుకి 30,000 పల్సుల దాకానే ఇవ్వగలదు, అంటే నిమిషానికి 2,800 మి.మీ. మీకు చాలు, కానీ 8 మైక్రోస్టెప్పులు పెట్టి అందులో ఎక్స్, వైల మిల్లీమీటరు పల్సుల సెట్టింగులు $100, $101 రెండూ 320 చేసుకుంటే ఇంకా తేలిగ్గా నడుస్తుంది. లిమిట్ స్విచ్ (మిషన్ అంచు దాటకుండా ఆపే స్విచ్) వైర్లు స్పిండిల్ వైరు పక్కన పోనివ్వకండి. షీల్డెడ్ కేబుల్ వాడండి, లేకపోతే పని మధ్యలో ఉత్తుత్తి అలారం వచ్చి ఆగిపోతుంది.

అసలు తలనొప్పి ఫాంట్లతో. చాలా క్యామ్ సాఫ్ట్‌వేర్లలో (బొమ్మని మిషన్ కదలికలుగా మార్చేవి) నేరుగా తెలుగు టైపు చేస్తే ఒత్తులు విడిపోయి పక్కకి వచ్చేస్తాయి. ఇంక్‌స్కేప్‌లో యూనికోడ్ ఫాంటుతో టైపు చేసి, పాత్‌గా మార్చి, ముక్కలన్నీ యూనియన్ చేసి ఎస్‌వీజీగా పంపండి. రామభద్ర లాంటి లావు ఫాంటు చెక్కకి బాగుంటుంది. డీటీపీ వాళ్ళు యూనికోడ్ కాని అను ఫాంట్లలో ఫైలిస్తే టెక్స్ట్ అడగొద్దు, పాత్‌గా మార్చి ఇమ్మనండి.

వంపుల్ని వేల చిన్న గీతలుగా ఇచ్చే క్యామ్ అయితే మిషన్ తడబడుతూ నడుస్తుంది.  జీ2, జీ3 ఆర్కులుగా, అంటే ఒకే కమాండుతో ఒక వంపుగా, ఇచ్చే ఆప్షన్ ఆన్ చేసుకోండి.

తెనాలి_బోర్డులు

ఇద్దరికీ చాలా థాంక్స్. అన్నగారూ, గాంట్రీ మీరు చెప్పినట్టే చేస్తా. రైళ్ళకి ఎక్కువ పెట్టి ట్రిమ్మర్ ఆలోచన వదిలేస్తున్నా, నాన్నకి కూడా అదే సంతోషం. ఒక డౌటు. ‘ప’, ‘స’, ‘హ’లకి తలకట్టు విడిగా ఉంటుంది కదా. ‘స్వాతి’లో ఒత్తు కూడా విడి ముక్కే. కోశాక అవన్నీ చిందరవందర అవుతాయి. వెనక షీటు వేసి అతికిద్దామంటే పార్టీవాళ్ళు ఒప్పుకోవట్లేదు, వెనక పూలు కనపడాలంట.

కూకట్‌పల్లి_కోడ్

యూనియన్ చేసే ముందు తలకట్టుని కొంచెం కిందికి జరిపి అక్షరానికి ఆనించండి. ఒత్తుని పైకి జరపండి. ఆనుడు వెడల్పు 6 మి.మీ. కంటే తగ్గితే 3 మి.మీ. ఎమ్‌డీఎఫ్ మండపానికి చేరేలోపే విరుగుతుంది. అక్షరాలన్నీ కింద ఒక సన్నటి పట్టీతో కలిపేస్తే ఇంకా నయం, పేరు మొత్తం ఒకే ముక్కగా వేలాడదీయొచ్చు.

నిడదవోలు_టీచర్

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. ఎమ్‌డీఎఫ్ ధూళి మామూలు రంపపు పొట్టు కాదండీ. పిండిలా సన్నగా గాల్లోనే ఉండిపోతుంది, అందులో ఫార్మాల్డిహైడ్ కలిసిన జిగురు ఉంటుంది. స్పిండిల్ చుట్టూ బ్రష్ తొడుగు, దానికి వ్యాక్యూమ్ తప్పనిసరి. ముక్కుకి గుడ్డ కట్టుకుంటే చాలదు, ఎన్95 వాడండి. షాపులో కస్టమర్లు కూర్చునే చోట మాత్రం ఈ మిషన్ పెట్టకండి.

ఆటోనగర్_ఫిట్టర్

మాస్టారు చెప్పింది విను తమ్ముడూ.

ఇంకోటి. బిగించాక మొదటి రోజే పేర్లు కొయ్యకు. 30 మి.మీ. గుండ్రటి బిళ్ళ ఒకటి కోసి వెర్నియర్‌తో కొలువు. అడ్డం, నిలువు కొలతలు తేడా వస్తే స్టెప్పుల లెక్క తప్పు. అవి రెండూ సరిగ్గా ఉండి, రెండు ఐమూల కొలతలు ఒకదానికొకటి తేడా వస్తే గాంట్రీ మూలమట్టానికి లేదు. అన్నీ సరిగ్గా ఉండి నాలుగు చోట్ల గోటికి మెట్టు తగిలితే నట్టులోనో, మోటారుని స్క్రూకి కలిపే కప్లింగులోనో ఆట ఉన్నట్టు. నీది ప్లై ఫ్రేమ్ కాబట్టి అన్ని అంచులకీ సీలర్ పట్టించు. వానాకాలం పోయాక ఆ బిళ్ళ మళ్ళీ ఒకసారి కోసి చూసుకో.