600 ఎంబీ పాటలు 700 ఎంబీ సీడీలో ఎందుకు పట్టడం లేదు?

ప్రశ్న:
నా కంప్యూటర్‌లో ఎంపీ3 రూపంలో ఉన్న పాటలన్నీ కలిపి సుమారు 600 ఎంబీ ఉన్నాయి. ఖాళీ సీడీ మీద 700 ఎంబీ అని స్పష్టంగా ముద్రించి ఉన్నా, వాటిని ఆడియో సీడీగా రాయబోతే పదిహేను పాటలు దాటగానే స్థలం చాలదని సాఫ్ట్‌వేర్ చెబుతోంది. డేటా సీడీగా, అంటే ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టుగా రాస్తే అన్నీ పట్టాయి, కంప్యూటర్‌లో చక్కగా వినిపిస్తున్నాయి. కానీ ఇంట్లోని పాత ప్లేయర్ ఆ డిస్క్‌ను గుర్తించడం లేదు. మరొక ఇబ్బంది ఏమిటంటే, విరామం లేకుండా సాగే ఒక కచేరీ రికార్డింగును రాసినప్పుడు ట్రాక్ మారిన ప్రతిసారీ సంగీతం తెగిపోతోంది. తెలిసినవారు దయచేసి వివరించండి.

మొదటి సమాధానం:
మీ సాఫ్ట్‌వేర్‌లో లోపమేమీ లేదు. ఆడియో సీడీకి లెక్క నిమిషాల్లో ఉంటుంది గానీ ఎంబీల్లో కాదు. 1980లో ఫిలిప్స్, సోనీ సంస్థలు కలిసి నిర్ణయించిన ప్రమాణం ప్రకారం అందులోని ధ్వని సెకనుకు 44,100 నమూనాలుగా (ధ్వని తరంగపు కొలతలుగా), ఒక్కో నమూనా 16 బిట్లుగా, రెండు ఛానళ్లలో, ఎలాంటి కుదింపూ లేకుండా ఉండాలి. అంటే సెకనుకు 14 లక్షలకు పైగా బిట్లు. సెకనుకు 128 కిలోబిట్లకు కుదించిన ఎంపీ3కి ఇందులో పదకొండో వంతు చాలు. ఆడియో సీడీ రాసేటప్పుడు సాఫ్ట్‌వేర్ ఎంపీ3ని విప్పి మళ్లీ ఆ పూర్తి రూపంలోకి తెస్తుంది కనుక, ఫైలు ఎంత చిన్నదైనా నాలుగు నిమిషాల పాట నాలుగు నిమిషాల చోటు తీసుకుంటుంది. మామూలు సీడీలో 80 నిమిషాలే పడతాయి. మీ 600 ఎంబీ పాటలు 128 కిలోబిట్లవైతే అవి దాదాపు పది గంటలవి.

ఇక పాత ప్లేయర్ల సంగతి. వాటిలో చాలావాటికి ఎంపీ3 ఫైలును విప్పే ఏర్పాటే లేదు, అందువల్ల డేటా సీడీ వాటికి పనికిరాదు. ఆడియో సీడీ రాసినా, చివర డిస్క్‌ను ఫైనలైజ్ చేయకుండా (రాయడం ముగిసిందని మూసేయకుండా) వదిలేస్తే ట్రాకుల పట్టిక పూర్తిగా నమోదు కాదు. కంప్యూటర్ డ్రైవ్ దాన్ని ఎలాగో చదివేస్తుంది గానీ ప్లేయర్ చదవలేదు.

రెండవ సమాధానం:
పై వివరణకు ఒక్క మాట చేర్చాలి. చెరిపి మళ్లీ రాయగల సీడీ-ఆర్‌డబ్ల్యూ వాడి ఉంటే అది కూడా కారణం కావచ్చు, ఎందుకంటే దాని ఉపరితలం లేజర్ కాంతిని చాలా తక్కువగా ప్రతిఫలిస్తుంది. పాత ప్లేయర్ కోసం ఒకసారి మాత్రమే రాయగల సీడీ-ఆర్ తీసుకోవడం మేలు.

మూడవ సమాధానం:
కచేరీ తెగిపోవడానికి రెండు కారణాలున్నాయి, వీటిని విడివిడిగా చూడాలి. ట్రాక్-అట్-వన్స్ పద్ధతిలో రాస్తే ప్రతి ట్రాక్ తర్వాత లేజర్ ఆగి మళ్లీ మొదలవుతుంది, మధ్యలో రెండు సెకన్ల నిశ్శబ్దం చేరుతుంది. మొత్తం డిస్క్‌ను ఆపకుండా ఒకేసారి రాసే డిస్క్-అట్-వన్స్ ఎంచుకుని, ట్రాకుల మధ్య విరామాన్ని సున్నాగా పెడితే అది పోతుంది. అయినా చిన్న తెగుడు మిగిలితే అది ఎంపీ3 వల్ల వచ్చినది: ఎంపీ3 ధ్వనిని 1152 నమూనాల ముక్కలుగా కుదిస్తుంది, పాట ఆ లెక్కకు సరిపోనప్పుడు మిగిలిన భాగాన్ని నిశ్శబ్దంతో నింపుతుంది, మొదట్లో కూడా కొంత చేరుస్తుంది. చప్పట్లు కొనసాగుతున్న చోట ఆ కొద్దిపాటి ఖాళీ కూడా చెవికి తగులుతుంది. అసలు సీడీ మీ దగ్గరుంటే దాని నుండి ధ్వనిలో ఏదీ పోగొట్టని వేవ్ లేదా ఫ్లాక్ ఫైలు రూపంలోకి తీసుకుని రాయండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. డిస్క్-అట్-వన్స్‌తో పెద్ద విరామం పోయింది. అసలు సీడీ నా దగ్గర లేదు, ఎంపీ3లే ఉన్నాయి. వాటిని ముందుగా వేవ్‌లోకి మార్చి రాస్తే ధ్వని నాణ్యత పెరుగుతుందా?

మూడవ సమాధానం ఇచ్చినవారు:
పెరగదు. కుదించేటప్పుడు తీసేసిన ధ్వని వేవ్‌లోకి మార్చినంత మాత్రాన తిరిగి రాదు; ఫైలు పెద్దదవుతుంది, అంతే. అయితే ట్రాకులన్నింటినీ వేవ్‌గా విప్పి, ఆడియో ఎడిటర్‌లో పక్కపక్కన పేర్చి, అతుకుల దగ్గర తరంగ రేఖను పెద్దది చేసి చూస్తే ఆ నిశ్శబ్దం చదునైన గీతలా కనిపిస్తుంది. దాన్ని కత్తిరించి ఒకే ట్రాకుగా రాసుకోవచ్చు. ఆ సీడీ నుండి మళ్లీ ఎంపీ3లు మాత్రం తయారు చేయకండి, రెండోసారి కుదింపులో నాణ్యత ఇంకా తగ్గుతుంది. ఇప్పుడున్న ఫైళ్లనే భద్రంగా దాచుకోండి.