అప్‌డేట్: కాఫీలో తీపి తెలియడం లేదన్నాను కదా, కారణం దొరికింది

పొద్దున కాఫీలో చక్కెర ఎంత వేసినా తీపి తగలడం లేదు, చేదు మాత్రం బాగా తెలుస్తోంది, టిఫిన్ వేళకి మళ్లీ మామూలైపోతోంది అని పోయిన నెల అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. "కొత్తగా ఏదైనా ఆకో పొడో తింటున్నారా?" అని ఒకరు అడిగారు చూడండి, అదే కరెక్ట్.

షుగర్ బోర్డర్‌లో ఉందని మా పెద్దమ్మ పొడపత్రి ఆకు పొడి పంపింది. రోజూ లేవగానే అర చెంచా నోట్లో వేసుకుని, వెంటనే కాఫీ తాగేవాణ్ణి. పొడి సంగతి మీకు చెప్పాలని కూడా తట్టలేదు!

డాక్టర్ మూడు రోజులు ఆపమన్నారు. మొదటి రోజే తీపి వచ్చేసింది. నాలుగో రోజు మళ్లీ వేసుకుని బెల్లం ముక్క నమిలి చూశాను: మట్టిగడ్డే. ఆవకాయ మాత్రం ఉప్పు, పులుపు, కారంతో సహా ఎప్పటిలాగే ఉంది.

ఆయన చెప్పిందేంటంటే, నాలుక మీద తీపిని పట్టే గ్రాహకం టీ1ఆర్2, టీ1ఆర్3 అనే రెండు ప్రోటీన్ల జంట. పొడపత్రిలోని జిమ్నెమిక్ ఆమ్లాలు టీ1ఆర్3కి అతుక్కుని దాని పని ఆపేస్తాయి. లాలాజలంతో అవి కొట్టుకుపోయేదాకా, అంటే సుమారు అరగంట నుంచి గంట వరకు, చక్కెర ఇసుకే. చేదుకి టీ2ఆర్ అనే వేరే గ్రాహకాలు, మనిషిలో దాదాపు 25 రకాలు ఉన్నాయి. వాటిని ఇది ముట్టుకోదు. అందుకే తీపి పోయి కాఫీ చేదొక్కటే మిగిలింది.

మీ సలహాల్లో వచ్చిన కోవిడ్ టెస్టు, జింక్ మాత్రలు, కొత్త టంగ్ క్లీనర్... వీటికీ దీనికీ సంబంధం లేదు. షుగర్ మాత్రలు వాడేవాళ్లు మాత్రం డాక్టర్‌కి చెప్పకుండా ఈ పొడి జోలికి వెళ్లొద్దు, షుగర్ మరీ పడిపోవచ్చట. పెద్దమ్మకి ఇంకా చెప్పలేదు.