ఒక కేసులో బుల్లెట్ జారిపోతోంది, పక్కదానిలో బిగుస్తోంది: నెక్ టెన్షన్ ఒకేలా రావడం ఎలా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. .308 విన్‌చెస్టర్ రైఫిల్ తూటాలకి రీలోడింగ్ చేస్తున్నాను, అంటే కాల్చిన ఇత్తడి గొట్టాల్లో (కేసుల్లో) మళ్లీ పౌడర్ నింపి, వాటి మూతి దగ్గరి సన్నని భాగంలోకి (నెక్‌లోకి) కొత్త బుల్లెట్ దించుతున్నాను. పౌడర్ ప్రతి కేసుకీ విడిగా తూచి పోస్తున్నాను. అయినా బుల్లెట్ దించేటప్పుడు ప్రెస్ పిడి పట్టుకున్న చేతికి తేడా స్పష్టంగా తెలుస్తోంది. ఒకటి మెత్తగా దిగిపోతుంది, పక్కదాన్ని గట్టిగా నొక్కాల్సి వస్తోంది. 100 గజాల దగ్గర ఇబ్బంది లేదు. 600 దగ్గరికి వెళ్తే తూటాలు తగిలిన గుంపు నిలువుగా సాగిపోతోంది.

కేసుని మళ్లీ కొలతకి నొక్కడానికి వాడేది మామూలు ఫుల్ లెంగ్త్ డై (అచ్చు), లోపల నెక్‌ను విప్పే ఎక్స్‌పాండర్ బాల్ ఉన్నదే. కేసుల్లో రెండుసార్లు కాల్చినవీ ఉన్నాయి, ఆరేడుసార్లు కాల్చినవీ ఉన్నాయి, అన్నీ ఒకే డబ్బాలో. స్టీల్ పిన్నులు వేసి తడి టంబ్లింగ్ చేస్తాను (నీళ్లలో దొర్లించి కడగడం), లోపలా బయటా మెరిసిపోతాయి. బుషింగ్ డై (నెక్‌ను నొక్కే ఉంగరం, అంటే బుషింగ్, మార్చుకోగలిగేది) కొని, బాగా చిన్న బుషింగ్ వేసి బిగుతు పెంచితే సరిపోతుందా?

జవాబు

బిగుతు పెంచడం మందు కాదండీ. మీకు కావలసింది ఎక్కువ టెన్షన్ కాదు, అన్నిటిలో ఒకే టెన్షన్.

మనం నెక్ టెన్షన్ (బుల్లెట్‌ని నెక్ పట్టుకునే బిగుతు) అని కొలిచేది నిజానికి వ్యాసాల తేడా. బుల్లెట్ 0.308, నెక్ గోడ మందం 0.014 అనుకుందాం. రెండు వైపులా గోడ కలిపితే లోడ్ చేసిన రౌండు నెక్ బయటి వ్యాసం 0.336 అంగుళం. బుల్లెట్ దించక ముందు అదే నెక్ 0.334 ఉంటే, టెన్షన్ రెండు థౌ అంటాం (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు). బోల్ట్ యాక్షన్ రైఫిల్‌కి మామూలుగా అది చాలు. దాన్ని ఐదారు థౌకి పెంచినా పట్టు అదే లెక్కన పెరగదు. ఒక హద్దు దాటాక ఇత్తడి సాగి అలాగే ఉండిపోతుంది. బుల్లెట్టే ఎక్స్‌పాండర్ పని చేస్తుంది, పైగా వంకరగా దిగే అవకాశం పెరుగుతుంది.

ఇక అసలు సంగతి. బుల్లెట్‌ని పట్టుకునేది ఆ రెండు థౌ ఒక్కటే కాదు. ఇత్తడి ఎంత గట్టిగా ఉంది, లోపలి గోడ ఎంత గరుకుగా ఉంది, నెక్ ఎంత పొడవుంది, ఇవన్నీ కలిసి పట్టుకుంటాయి. కాల్చిన ప్రతిసారీ నెక్ విప్పారుతుంది, డైలో మళ్లీ ముడుచుకుంటుంది. ఇలా వంచి వంచి ఉన్న ఇత్తడి గట్టిపడుతుంది. గట్టిపడిన కొద్దీ స్ప్రింగ్‌బ్యాక్ పెరుగుతుంది, అంటే డైలోంచి రాగానే కొంత వెనక్కి విప్పుకుంటుంది. అందుకే రెండుసార్లు కాల్చిన కేసు, ఏడుసార్లు కాల్చిన కేసు ఒకే డైలోంచి వచ్చినా ఒకే కొలతలో ఉండవు. మీ డబ్బాలో జరుగుతున్నది ఇదే అని నా గట్టి నమ్మకం. కొత్త డై కొనకముందు కేసులను తయారీదారు ముద్ర ప్రకారం, కాల్చిన సంఖ్య ప్రకారం వేరు చేయండి. పైసా ఖర్చులేని పని, నాకు అన్నిటికన్నా ఎక్కువ తేడా చూపించింది కూడా అదే.

తర్వాత ఆ ఎక్స్‌పాండర్ బాల్. మామూలు డై నెక్‌ను అవసరానికి మించి నొక్కేస్తుంది, బాల్ బయటికి వస్తూ దాన్ని లాగి విప్పుతుంది. లోపల లూబ్ (జారుడు పూత) లేకపోతే నెక్ సాగుతుంది, ఒక పక్కకి వంగుతుంది కూడా. బాల్ తీసేసి, సైజింగ్ అయ్యాక మాండ్రెల్‌ను (నున్నటి గుండ్రటి కడ్డీని) పైనుంచి లోపలికి నెట్టే పద్ధతికి మారండి. మీ బుల్లెట్‌కి 0.306 మాండ్రెల్ సరిపోతుంది. బుషింగ్ ఒక్కటే వాడితే నెక్ గోడలో ఉన్న ఎగుడుదిగుడులన్నీ లోపలికి, బుల్లెట్ వైపు వస్తాయి. చివరి పని మాండ్రెల్‌ది అయితే అవి బయటికి పోతాయి, లోపల గుండ్రంగా మిగులుతుంది. మాండ్రెల్‌కి పని ఉండాలంటే బుషింగ్ ఒక థౌ చిన్నది, అంటే 0.333 తీసుకోండి. కొలవడానికి కాలిపర్ చాలదు, మైక్రోమీటర్ వాడండి. ఒక థౌ కోసం వెతుకుతున్నప్పుడు కాలిపర్ పొరపాటే ఒక థౌ ఉంటుంది.

ఇంకొకరి మాట

నేను మాండ్రెల్ లేకుండా బుషింగ్‌తోనే పదేళ్లుగా నెట్టుకొస్తున్నాను, బాగానే ఉంది. కాకపోతే నా కేసులన్నిటికీ నెక్ టర్నింగ్ చేసి గోడ మందం సమానం చేసుకున్నాను.

జవాబు

అవునండీ, గోడ సమానంగా ఉంటే మీ దారి సరైనదే. టర్నింగ్ చేయని కేసులకే నేను మాండ్రెల్ అంటున్నాను.

మళ్లీ ప్రశ్న అడిగినవారు

వేరు చేశాను. నిజంగానే చాలా తేడా! అయితే బుల్లెట్ దిగేటప్పుడు ఇప్పటికీ కిర్రుమంటోంది. అనీలింగ్ (వేడి చేసి ఇత్తడిని మెత్తబరచడం) కూడా చేయాలా?

జవాబు

ఆ కిర్రుమనడం మీ టంబ్లింగ్ వల్ల. కాల్చిన కేసు నెక్ లోపల పట్టే పలచని మసి బుల్లెట్‌కి లూబ్‌లా పనిచేస్తుంది. పిన్నులు దాన్ని పూర్తిగా గీకేస్తాయి. శుభ్రమైన ఇత్తడి, శుభ్రమైన రాగి జాకెట్ నేరుగా రాసుకుంటే పట్టేస్తాయి. పిన్నులు మానేసి నెక్‌లో నైలాన్ బ్రష్ రెండుసార్లు తిప్పి వదిలేయండి. ఇప్పటికే మెరిసిపోతున్న వాటికి పొడి గ్రాఫైట్ రాయండి. నెక్ అంచుకి లోపలివైపు ఛాంఫర్ (ఏటవాలుగా చెక్కడం) సరిగా చేశారో లేదో కూడా చూడండి.

అనీలింగ్ తప్పకుండా మంచిది. ప్రతిసారీ చేస్తే కేసులన్నీ ఒకే మెత్తదనంతో మొదలవుతాయి. కానీ ఒక్క మాట గుర్తుంచుకోండి. వేడి తగలాల్సింది నెక్‌కి, భుజానికి (నెక్ కింద కేసు వెడల్పయ్యే చోటుకి) మాత్రమే. కింది భాగం మెత్తబడితే ఆ కేసుని మళ్లీ బాగుచేసే దారి లేదు, పారేయాల్సిందే. .308లో గరిష్ఠ పీడనం 62,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). దాన్ని ఆపేది ఆ అడుగుభాగమే. మంట కింద చేయి నిలకడగా లేకపోతే, కేసుని తిప్పుతూ సమయం లెక్కించే యంత్రం దొరికేదాకా ఆగండి.

బుషింగ్, మాండ్రెల్, అనీలింగ్, వీటిలో ఏది మార్చినా పౌడర్ తగ్గించి, లోడ్ డేటా చెప్పిన మొదటి తూకం నుంచి మళ్లీ పైకి రండి. పట్టు మారితే పీడనం మారుతుంది.

ప్రశ్న అడిగినవారు

గ్రాఫైట్‌తో కిర్రు పోయింది. యాభైలో నాలుగు కేసులు మాత్రం ఇంకా మొండికేస్తున్నాయి. మొదట మెత్తగానే దిగుతాయి, ఆఖర్న ఒక్కసారి బిగుస్తాయి.

జవాబు

మొదట్లో కాకుండా ఆఖర్న బిగుసుకుంటోందంటే అది డోనట్. భుజం దగ్గరి ఇత్తడి పైకి జరిగి, నెక్ అడుగున లోపల ఉంగరంలా మందం కట్టింది. ఇకమీదట ఏ కేసునైనా కాల్చాక, సైజ్ చేయకముందే, నెక్‌లోకి బుల్లెట్‌ని వేళ్లతో వదిలి చూడండి. నెక్ అడుగున ఆగిపోతే అదే. బుల్లెట్ ఒంటి భాగం ఆ ఉంగరందాకా దిగితే, ఛాంబర్‌లో (రైఫిల్‌లో తూటా కూర్చునే గదిలో) నెక్ విప్పుకోడానికి చోటు తగ్గి పీడనం పెరగొచ్చు. అంచేత ఇప్పుడు లోడ్ చేసి ఉన్నవాటిని కాల్చకండి, బుల్లెట్ పుల్లర్‌తో విప్పేయండి. నెక్ రీమర్ ఉంటే ఆ ఉంగరం తీసేసి వాడుకోవచ్చు. నాలుగే కాబట్టి నేనైతే వాటిని పక్కన పడేస్తాను.