నాన్ స్ట్రైకర్‌ని రనౌట్ ఇచ్చాను, ఔటైంది మావాడే. తప్పా?

ఎడమచేతి వాటం (ఆదివారం రాత్రి 9:50)

ఈ పొద్దున జరిగింది. అజీజ్‌నగర్ అవతల ఒక గ్రౌండు, మ్యాటింగ్ పిచ్, తెల్ల లెదర్ బాల్, 20 ఓవర్లు. డబ్బులిచ్చి పిలుచుకునే అంపైర్ హ్యాండిచ్చాడు. దాంతో మామూలే, బ్యాటింగ్ జట్టువాళ్ళే ఇద్దరు నిలబడాలి. నేను మూడో ఓవర్లోనే డకౌటై ఖాళీగా ఉన్నాను కాబట్టి నన్ను తోశారు.

మా టార్గెట్ 142. చివరి ఓవర్లో 3 బంతులకు 6 పరుగులు కావాలి, తొమ్మిది వికెట్లు పడ్డాయి. స్ట్రైకింగ్‌లో మా ఓపెనర్. నా పక్కన, బౌలర్ వైపు క్రీజులో, నాన్ స్ట్రైకర్‌గా పదకొండో నంబర్ కుర్రాడు, ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నాడు. వాడికి ఒకటే పని చెప్పి పంపారు: బంతి బ్యాట్‌కి తగిలినా తగలకపోయినా పరిగెత్తు. బౌలర్ చేతిలో బంతి ఉండగానే వీడు కదిలిపోతున్నాడు. ముందు రెండు బంతులకూ చూశాను. నాలుగో బంతికి బౌలర్ స్టంప్స్ దాకా వచ్చి ఆగిపోయాడు, చెయ్యి పైకి లేవనే లేదు. తాపీగా బంతితో స్టంప్ తట్టాడు. బెయిల్ వచ్చి నా బూటు మీద పడింది. మావాడు అప్పటికి క్రీజుకు మూరెడు అవతల, బ్యాట్ గాల్లో ఊపుకుంటూ ముందుకే చూస్తున్నాడు. బెయిల్ పడ్డ సంగతే వాడికి తెలియదు.

అప్పీల్ చేశారు. అవతలి కెప్టెన్ని అడిగాను, ఉంచుతారా వెనక్కి తీసుకుంటారా అని. "ఉంచుతామన్నా" అన్నాడు. వేలెత్తాను. మ్యాచ్ అయిపోయింది.

ఆ తర్వాత మావాళ్ళెవరూ నాతో మాట్లాడలేదు. ఇడ్లీ పొట్లాలు విప్పారు, నాకూ ఒకటి మిగిల్చారు గానీ చట్నీ లేదు. మా కెప్టెన్ "మనవాడివై ఉండి..." అని అంతటితో ఆపేశాడు. నేను చేసింది తప్పంటారా?

డీప్ మిడ్‌వికెట్

రూల్ సంగతి పక్కన పెట్టండి. వారమంతా లాప్‌టాప్ ముందు కూర్చుని, ఆదివారం నాలుగున్నరకు లేచి కిట్ బ్యాగు మోసుకుని పోయేది ఆడుకోవడానికి. పదకొండో నంబరోణ్ణి అలా తీసేసి గెలిస్తే ఏం గెలిచినట్టు? బంతి వెయ్యి, చేతనైతే యార్కర్ వెయ్యి. కపిల్‌దేవ్ కూడా 1992లో దక్షిణాఫ్రికా బ్యాట్స్‌మన్ పీటర్ కిర్‌స్టన్‌ని ముందు హెచ్చరించాకే ఔట్ చేశాడు. 1987 ప్రపంచకప్‌లో లాహోర్‌లో వెస్టిండీస్ బౌలర్ కోర్ట్నీ వాల్ష్ చివరి బంతికి పాకిస్తాన్ ఆటగాడు సలీం జాఫర్ క్రీజు బయట ఉన్నా ఔట్ చెయ్యకుండా వదిలేశాడు. అది కదా ఆటంటే. మీరైనా డెడ్‌బాల్ (ఆ బంతి లెక్కలోకి రాదు) అనేసి ఉంటే అక్కడ అడిగేవాడెవడు?

చిల్లర పరుగులు

చట్నీ ఇవ్వకపోవడం మాత్రం దారుణం అన్నా. దానికి ఏ రూలు?

వాల్తేరు ఆఫ్‌స్పిన్

మిడ్‌వికెట్ గారూ, మీరు ఖచ్చితంగా బ్యాట్స్‌మనే. బౌలర్ కాలు క్రీజు దాటితే నోబాల్, పైగా ఫ్రీ హిట్. కొట్టబోయి బ్యాట్స్‌మన్ కాలు జారి వేలెడు బయటికొస్తే కీపర్ స్టంపింగ్ చేస్తాడు, అందరూ శభాష్ అంటారు. ఇటుపక్క బౌలర్ అదే పని చేస్తే మాత్రం తొండి!

లెక్క చూడండి. ఆ క్రీజు నుంచి ఈ క్రీజుకు 58 అడుగులు. మూడడుగులు ముందు బయల్దేరినా పరుగులో ఇరవయ్యో వంతు కొట్టేసినట్టే. మన మ్యాచుల్లో రనౌట్లు ఎంతలో తప్పుతాయో అందరికీ తెలుసు. ఆ కుర్రాడు మ్యాటింగ్ మీద చాప కింద నీరులా జారుకుంటున్నాడని మీ అంపైర్ గారే రెండు బంతుల ముందు నుంచీ చూశారు. దొంగతనం చేస్తే తప్పులేదు, పట్టుకుంటే తప్పొచ్చిందా? హెచ్చరిక అంటారేంటి, ఎల్బీ (వికెట్లకు తగలాల్సిన బంతిని కాలితో అడ్డుకుంటే ఇచ్చే ఔట్) ఇచ్చే ముందు ఎవరైనా హెచ్చరిస్తారా?

స్కోరుబుక్కు

ముప్పై ఏళ్ళుగా మా క్లబ్బుకు స్కోరు రాస్తున్నాను, కాబట్టి కాస్త పొడుగ్గా చెప్తాను, విసుక్కోకండి.

దీన్ని మన్కడింగ్ అనడం నాకు నచ్చదు, గవాస్కర్‌కీ నచ్చదు. 1947 డిసెంబర్‌లో సిడ్నీ టెస్టులో మన వినూ మన్కడ్ ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ బిల్ బ్రౌన్‌ని ఇలా ఔట్ చేశాడు. అంతకుముందే అదే టూర్‌లో, అదే సిడ్నీలో, ఇంకో మ్యాచ్‌లో బ్రౌన్‌ని ముందు హెచ్చరించి, అప్పటికీ మారకపోతే ఔట్ చేశాడు. అంటే మళ్ళీ మళ్ళీ బయటికెళ్ళింది బ్రౌన్, పేరు పాడైంది మన్కడ్‌ది. ఆ రోజు ఆస్ట్రేలియా కెప్టెన్ బ్రాడ్‌మన్. తన ఆత్మకథలో ఆయన మన్కడ్‌ని తప్పుపట్టలేదు, వెనకేసుకొచ్చాడు. ఔటైనవాడి కెప్టెనే ఒప్పుకున్నదాన్ని మనం డెబ్బై ఏళ్ళకు పైగా మోస్తున్నాం.

రెండోది, చట్టం. అంతకుముందు ఇది అన్యాయపు ఆట అనే 41వ నిబంధన కింద ఉండేది. 2022 అక్టోబర్ 1 నుంచి, క్రికెట్ చట్టాలు రాసే ఎంసీసీ దాన్ని తీసుకెళ్ళి రనౌట్ ఉండే 38లో పెట్టింది. అంటే ఇప్పుడిది మామూలు రనౌట్. ముందు హెచ్చరించాలని ఎక్కడా లేదు. బౌలర్ చెయ్యి మామూలుగా బంతి వేసేటప్పుడు ఎంత ఎత్తుకు వెళ్తుందో, అక్కడికి చేరేలోపే చెయ్యాలి. 2023 జనవరిలో ఆస్ట్రేలియా బిగ్‌బాష్ లీగ్‌లో బౌలర్ ఆడమ్ జంపా ఇలాగే స్టంప్స్ పడగొడితే, చెయ్యి అప్పటికే ఆ ఎత్తు దాటిందని నాటౌట్ ఇచ్చారు. మీ బౌలర్ చెయ్యి లేపనే లేదన్నారు కాబట్టి ఆ పేచీ లేదు.

వాల్ష్ మాటకొస్తే, కథ సగమే చెప్పారు. ఆ మ్యాచ్ పాకిస్తాన్ ఒక్క వికెట్ తేడాతో గెలిచింది, వెస్టిండీస్ సెమీస్‌కే వెళ్ళలేదు. వాల్ష్ చేసింది గొప్ప పనే, కాదనను. కానీ అది అతను ఇచ్చిన దానం. ఇవ్వనివాణ్ణి దొంగ అనకూడదు.

మూడో స్లిప్

రూలంతా ఒప్పుకుంటాను. కానీ ఒక ప్రశ్న. బ్యాటింగ్ జట్టువాడే అంపైరైనప్పుడు మా మ్యాచుల్లో ఎల్బీ ఉండదు, టాస్ దగ్గరే అనుకుంటాం. ఎందుకు? ఎంత నిజాయితీపరుడైనా తన జట్టువాణ్ణి ఔట్ ఇవ్వడం నరకం కాబట్టి. మరి ఎల్బీ తీసేసినవాళ్ళు దీన్నెందుకు ఉంచాలి? ఇది చట్టం గొడవ కాదు, ఆ నిలబడ్డవాడి మీద పడే బరువు గొడవ. ఇప్పుడు చూడండి, ఔట్ చేసిన బౌలర్‌ని ఎవరూ ఏమీ అనట్లేదు, అన్నీ ఈయనకే.

(మిడ్‌వికెట్ అన్నా, అప్పీల్ ఉండగా డెడ్‌బాల్ అనడం మాత్రం అచ్చమైన తొండి.)

ఎడమచేతి వాటం

మూడో స్లిప్ గారి ప్రశ్న దగ్గరే నేనూ పొద్దుట్నుంచి కొట్టుకుంటున్నాను. ఎల్బీ మేమూ తీసేశాం. కానీ ఎల్బీ అంటే బంతి ఎక్కడ పడింది, ఎటు పోయేది అని ఊహించాలి. ఇది గీత. గీతకు ఇటా, అటా, అంతే. మీరింకోటి అడగలేదు, నేనే చెప్తున్నాను: ఆ గీత సున్నంతో వేసింది, నలభయ్యో ఓవర్ వచ్చేసరికి స్పైకులకు సగం చెరిగిపోయింది. ఒక జాన దూరమే అయితే నేను ఇచ్చేవాణ్ణి కాదు. మూరెడు కాబట్టి ఇచ్చాను.

ఇంకొకటి. శనివారం అదే గ్రౌండులో ఇంకో జట్టుతో ఆడాం. మా కెప్టెన్ బ్యాట్ అంచుకు తగిలి బంతి కీపర్ చేతిలో పడింది, ఆ చప్పుడు పాయింట్‌లో ఉన్నవాడికి కూడా వినిపించింది. "ప్యాడ్ తగిలింది" అని కదలకుండా నిలబడ్డాడు. అప్పుడు మాలో ఒక్కడూ ఆట స్ఫూర్తి అనే మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు, నిజం చెప్పాలి.

డాలస్ బావ

ఇక్కడ మా లీగ్‌లో ప్రతి జట్టూ వారం విడిచి వారం వేరేవాళ్ళ మ్యాచ్‌కి అంపైరింగ్ చెయ్యాలి, రాకపోతే పాయింట్లు కోస్తారు. మనలో మనకు ఈ మొహమాటం ఉండదు. రెండేళ్ళు "ముందు ఒక హెచ్చరిక" అని సొంత రూలు కూడా పెట్టాం. ఏమైందో తెలుసా? ప్రతి జట్టూ ఆ హెచ్చరికను తమకిచ్చిన కోటాలా వాడుకుంది. ఒకసారి హెచ్చరించేదాకా ఇష్టమొచ్చినట్టు పరుగే, ఆ తర్వాత బుద్ధిమంతులు. పోయినేడు ఎత్తేశాం. ఇప్పుడు బంతి చెయ్యి దాటేదాకా బ్యాట్ క్రీజులో ఆనించి, వంగి నిలబడుతున్నారు. చూడముచ్చటగా ఉంది.

సికింద్రాబాద్ కీపరమ్మ

2022లో లార్డ్స్‌లో మన దీప్తి శర్మ ఇంగ్లండ్ బ్యాటర్ చార్లీ డీన్‌ని ఇలాగే ఔట్ చేసింది. ఆఖరి వికెట్, ఇంగ్లండ్‌కు ఇంకా 17 పరుగులు కావాలి, డీన్ 47 మీద ఉంది. అది ఝులన్ గోస్వామి ఆఖరి మ్యాచ్. ఆ వారమంతా మా ఆఫీసులో ఒక్కొక్కడూ వచ్చి నాకు స్ఫూర్తి పాఠాలు చెప్పాడు, నేనేదో దీప్తి చుట్టాన్నన్నట్టు. 2019 ఐపీఎల్‌లో జైపూర్‌లో అశ్విన్ బట్లర్‌ని తీసినప్పుడూ ఇదే గోల. తర్వాత వాళ్ళిద్దరూ రాజస్థాన్‌కి కలిసి ఆడారు. వాళ్ళు మర్చిపోయారు, మనం మర్చిపోం.

పదకొండో నంబర్ కుర్రాడి మీద ఎవరూ జాలిపడక్కర్లేదు. పరిగెత్తమని పంపిన పెద్దవాళ్ళు బంతి వెళ్ళాక పరిగెత్తమని చెప్పలేదు. తప్పు వాళ్ళది.

డీప్ మిడ్‌వికెట్

సరే, వాల్ష్ దగ్గర దొరికిపోయాను. అయినా నా మాట నాదే. నా బౌలింగ్‌లో నేనైతే చెయ్యను. చేసినవాణ్ణి తిట్టను కూడా, కానీ మ్యాచ్ అయ్యాక వాడితో టీ తాగను. ఓడితే ఏం పోయింది చెప్పండి, ఇదేమైనా రంజీనా?

వాల్తేరు ఆఫ్‌స్పిన్

టీ తాగకపోతే మానెయ్యండి. బౌలర్లం మేం మేం తాగుతాం.

చిల్లర పరుగులు

ఓడితే ఏం పోయింది అంటే గుర్తొచ్చింది. ఎడమచేతి అన్నా, ఆ గ్రౌండు ఫీజు ఎవరు కట్టారు?

ఎడమచేతి వాటం

ఓడినవాళ్ళే మొత్తం కట్టాలని టాస్‌కి ముందే పందెం. ఆరువేలు. పన్నెండు మందిమి, తలా 500.

స్కోరుబుక్కు

హమ్మయ్య, ఇప్పుడర్థమైంది చట్నీ ఎందుకు ఇవ్వలేదో.

ఎడమచేతి వాటం

కాదండీ, అసలు సంగతి వినండి. ఇప్పుడే ఆ కుర్రాడు ఫోన్ చేశాడు. సారీ చెప్తాడేమో అనుకున్నా. "అన్నా, నా 500 కూడా నువ్వే వెయ్యవా, నెలాఖరు" అన్నాడు. వేశాను.